ఏ సబ్జెక్టు చెప్పగలరని వలంటీరును అడగవద్దు

ఈ మధ్య హనుమకొండలోని ఒక సంఘం పదవీ విరమణ పొందిన ఉద్యోగులకు ఒక ఫారం పంపింది. డిగ్రీ చదివే పిల్లలకు వారానికి రెండు గంటలు ఉచితంగా సాయపడేవారు కావాలని అందులో ఉంది. ఉద్దేశం మంచిది. అయితే పేరు, ఫోన్ నంబరు రాసిన తరువాత మిగిలిన ఒకే ఒక ప్రశ్న ‘మీరు ఏ సబ్జెక్టు చెప్పగలరు?’ అన్నది. విద్యుత్ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి బయటకు వచ్చిన నేను కొన్నేళ్ళుగా ఈ నగరంలోని ఒక డిగ్రీ కళాశాల గ్రంథాలయంలో శనివారాలు విద్యార్థులతో కూర్చుంటున్నాను. ఈ పనికి వచ్చేవారిని అడగవలసిన ప్రశ్న అది కాదని నా అభిప్రాయం. కాలేజీ విద్యార్థికి ఒక వలంటీరు చేయగల మేలు పాఠం చెప్పడంలో లేదు. ఆ విద్యార్థి ఎట్లా చదువుతున్నాడో పక్కన కూర్చుని చూడడంలో, దాన్ని అతడే చూసుకునేటట్టు చేయడంలో, ఒక సెమిస్టరు పొడుగునా ప్రతి వారమూ తప్పకుండా వచ్చి అడగడంలో ఉంది.

అమెరికా విశ్వవిద్యాలయాలలో ఇట్లాంటి పని చేసేవారిని అకడమిక్ కోచ్ అంటారు. అక్కడ అది చాలాచోట్ల జీతం ఉన్న ఉద్యోగం. పోటీ పరీక్షలకు శిక్షణ ఇచ్చే సంస్థల పనితో దీనికి సంబంధం లేదు. కోచ్ పాఠం చెప్పడు, నోట్సు ఇవ్వడు, రాబోయే ప్రశ్నలు ఇవేనని ఊహించి చెప్పడు. విద్యార్థి తన సమయాన్ని, పుస్తకాన్ని, పరీక్షను, భయాన్ని తానే సంబాళించుకునేందుకు తోడుంటాడు. వినడానికి ఇది చాలా తక్కువ పనిలా ఉంటుంది కనుకనే దీని గురించి కొంచెం వివరంగా రాయాలనిపించింది.

చదివినప్పుడు వచ్చినట్టే ఉంటుంది

ములుగు వైపు ఊరి నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటూ బీఎస్సీ చదివే ఒక అబ్బాయి మొదటి రోజు నాతో అన్న మాట ఇది: “చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంటది మేడమ్. పేపర్ చూడంగనే ఏం యాదికొస్తలేదు.” ఎట్లా చదువుతావని అడిగాను. నోట్సు మొదటి నుంచి చివరి దాకా చదువుతాడు, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీస్తాడు, మళ్ళీ మొదటి నుంచి చదువుతాడు. పరీక్షల ముందు రాత్రి రెండింటి వరకు ఇదే. కష్టపడడంలో లోటు లేదు. నోట్సు మూసి, గంట కింద చదివినది ఒక తెల్ల కాగితం మీద రాయమన్నాను. అరపేజీకి ఆగిపోయాడు. అప్పుడు నోట్సు తెరిచి, రాయకుండా వదిలేసినవి ఎర్ర సిరాతో చేర్చమన్నాను. ఆ కాగితాన్ని అతడు చాలాసేపు చూశాడు. మరుసటి శనివారం అట్లాంటి కాగితాలు నాలుగైదు తానే తెచ్చాడు.

ఇందులో నా తెలివి ఏమీ లేదు. సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించిన ప్రయోగం ఇదే విషయాన్ని అంకెలతో చూపింది. ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతలు చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో 83 శాతం గుర్తు తెచ్చుకోగలిగారు. ఒక విడత చదివి మూడుసార్లు పుస్తకం చూడకుండా రాసినవారు 71 శాతమే చెప్పగలిగారు. వారం తరువాత పరీక్ష పెడితే లెక్క తారుమారైంది. పదేపదే చదివినవారికి మిగిలింది 40 శాతం, చూడకుండా రాసినవారికి 61 శాతం. బాగా గుర్తుంటుందని ముందుగా ఎక్కువ నమ్మకంతో చెప్పినవారు కూడా పదేపదే చదివినవారే. హాస్టల్ గదిలో ఆ అబ్బాయికి కలిగిన ‘వచ్చినట్టే ఉంది’ అన్న భావం సోమరితనం నుంచి వచ్చినది కాదు. చదివే పద్ధతే దాన్ని పుట్టిస్తుంది. పదేళ్ళకు పైగా బడిలో, ఇంటర్లో గడిపిన పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదంటే, పాఠం చెప్పేవారి కొరత కంటే వేరైన కొరత ఒకటి మన దగ్గర ఉందని అర్థం.

నాకు భౌతిక శాస్త్రం రాదు. ఆ కాగితం మీద ఉన్నది తప్పో ఒప్పో నాకు తెలియదు. రిటైర్డ్ లెక్చరర్ అయిన ఒక స్నేహితురాలు దీన్నే పట్టుకుని నన్ను గట్టిగా నిలదీసింది: విషయం తెలియని మనిషి ముందు విద్యార్థి తప్పును కూడా ధీమాగా చెప్పి వెళ్ళిపోతాడు, ఆ తప్పు మరింత గట్టిపడుతుంది కదా అని. ఈ అభ్యంతరం సరైనదే. అందుకే ప్రతిసారీ ఆఖరి మెట్టు పాఠ్యపుస్తకం, లేదా ఆ సబ్జెక్టు లెక్చరర్. పుస్తకంతో సరిచూసుకున్నాక కూడా మిగిలిన సందేహాన్ని ఒక ప్రశ్నగా, పూర్తి వాక్యంగా కాగితం మీద రాయించి, సోమవారం దాన్ని స్టాఫ్ రూముకు తీసుకుపొమ్మంటాను. “ఇదివరకు వచ్చి ‘అర్థమైతలేదు సార్’ అని నిలబడేవాళ్ళు, ఏది అర్థం కాలేదో చెప్పేవాళ్ళు కాదు, ఇప్పుడు చీటీ మీద ప్రశ్నతో వస్తున్నారు” అని ఆ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పే ఒక లెక్చరర్ నాతో అన్నారు. వలంటీరు తానే జవాబు చెప్పేస్తే ఆ చీటీ పుట్టదు, విద్యార్థికీ లెక్చరర్‌కూ మధ్య ఆ మాట జరగదు.

పదో తరగతి దాకా తెలుగులో చదివి డిగ్రీలో ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చినవారి విషయంలో ఈ పద్ధతి మరింత అవసరం. అర్థశాస్త్రం పుస్తకంలో ఒక పేజీ చదవడానికి అరగంట పట్టే అమ్మాయిలు నాకు తెలుసు. వారిలో ఒకరిని పుస్తకం పక్కన పెట్టి, ధర పెరిగితే కొనేవాళ్ళు ఏం చేస్తారో తెలుగులో నాకు చెప్పమన్నాను. వంటనూనె ధర పెరిగినప్పుడు తన తల్లి ఏం చేసిందో చెబుతూ, పుస్తకంలో పేజీన్నర ఉన్న వివరణను ఆ అమ్మాయి ఎక్కడా తడబడకుండా చెప్పింది. ఆ తరువాత దాన్నే ఇంగ్లీషులో మూడు చిన్న వాక్యాలుగా రాసింది. విషయం రాదనుకున్న పిల్లకు విషయం వచ్చు, ఆగిపోతున్నది భాష దగ్గర. ఈ రెండింటినీ విడదీసి చూపకపోతే ఆమె తనకు తెలివి లేదనే నమ్ముతుంది. నాతో ఆ మాట అన్నది కూడా.

ప్రతి వారమూ అదే మనిషి

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బెటింజర్, బేకర్ అనే పరిశోధకులు 13 వేల మందికి పైగా అమెరికన్ విద్యార్థుల సమాచారాన్ని పరిశీలించారు. ఎవరికి కోచ్‌ను ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చిన సందర్భం అది. కోచ్ క్రమం తప్పకుండా ఫోన్ చేసి మాట్లాడిన విద్యార్థులు చదువులో కొనసాగిన శాతం తక్కినవారి కంటే సుమారు ఐదు ఎక్కువగా ఉంది. కోచింగ్ ముగిసిన ఏడాది తరువాత కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. ఐదు శాతం చిన్నదని అనిపించవచ్చు. నూరు మంది ఉన్న తరగతిలో చదువు మానేయబోయిన ఐదుగురు మానకుండా ఉండడం ఆ ఐదు ఇళ్ళలో చిన్న విషయం కాదు. అయితే ఆ కోచ్‌లు శిక్షణ పొంది జీతం తీసుకున్నవారు, ఆ విద్యార్థులలో వయసు పైబడి మళ్ళీ చదువుకు వచ్చినవారు ఎక్కువ. అక్కడి ఫలితం హనుమకొండలో అట్లాగే వస్తుందని నేను అనడం లేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది టొరంటో విశ్వవిద్యాలయంలో ఒరియోపౌలస్, పెట్రోనియెవిచ్ చేసిన పని. 2018లో వెలువడిన వారి పరిశోధన వేల మంది మొదటి సంవత్సరం విద్యార్థులను వేర్వేరు గుంపులుగా చేసింది. ఒక గుంపుకు ఫోన్‌లో ప్రోత్సాహక సందేశాలు, సలహాలు పంపారు. మరో చిన్న గుంపుకు ఒక్కొక్కరికి ఒక కోచ్‌ను ఇచ్చి క్రమం తప్పకుండా కలిపించారు. సందేశాల వల్ల మార్కులలో మార్పు రాలేదు. ఎదురుగా కూర్చున్న కోచ్ వల్ల వచ్చింది. మన దగ్గర విద్యార్థులకు సాయం అనగానే ముందు వాట్సాప్ గ్రూపు పెట్టడం, పొద్దున్నే స్ఫూర్తిదాయకమైన సూక్తి పంపడం అలవాటైపోయింది. ఆ శ్రమనంతా వారానికి ఒక గంట పక్కన కూర్చోవడం మీద పెట్టాలని అడగడానికి ఈ పరిశోధన నాకు బలమిచ్చింది.

వరంగల్ కోట వైపు నుంచి రోజూ వచ్చే ఒక బీకాం అమ్మాయిని బ్యాక్‌లాగ్‌లు ఎన్ని ఉన్నాయని అడిగితే “మస్తుగున్నయ్ మేడమ్” అని తల వంచుకుంది. ఎన్ని అని మళ్ళీ అడిగితే తెలియదంది. ఫలితాలు వచ్చినప్పుడు ఫోన్‌లో చూడడమే మానేసింది. మరుసటి వారం మెమోలన్నీ తెచ్చి టేబుల్ మీద పరిచి ఇద్దరం రాసుకుంటే తేలినవి నాలుగు పేపర్లు. వాటిలో ఒకటి కేవలం మూడు మార్కులతో పోయింది. దేనికి ఎప్పుడు ఫీజు కట్టాలి, లేట్ ఫీ లేకుండా ఆఖరి తేదీ ఏది, ఏ రెండు ముందు రాస్తే మంచిది అన్నది ఆమె తానే అదే కాగితం కింద రాసుకుంది. రెండు సంవత్సరాలు ఆమెను ఇంట్లో మాట్లాడకుండా చేసిన భయానికి ఆ రోజు ఒక లెక్క వచ్చింది. ఆమెకు నేను అకౌంటెన్సీ చెప్పలేదు, చెప్పగలను కూడా. ముప్పై ఏళ్ళు నా అన్నం అదే. కానీ ఆ గంటలో జర్నల్ ఎంట్రీలు మొదలుపెట్టి ఉంటే మెమోలు సంచిలోనే ఉండేవి.

ఇక్కడే ఒక గట్టి షరతు కూడా ఉంది. సెమిస్టరు చివరి దాకా రాలేనివారు ఈ పని మొదలుపెట్టకూడదు. సెప్టెంబరు 5న ఉత్సాహంగా వచ్చి దసరా సెలవుల తరువాత కనిపించకుండా పోయే వలంటీరు వల్ల, అసలు ఎవరూ రాకపోవడం కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. మెమోలు తెచ్చి పరిచిన పిల్ల మళ్ళీ ఇంకొకరి ముందు పరచదు.

పత్తి ఏరే నెలలు

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్‌కు కొత్త పత్తి రావడం మొదలయ్యే కాలం, డిగ్రీలో మొదటి, మూడో, ఐదో సెమిస్టర్లు ఊపందుకునే కాలం చాలా సంవత్సరాలలో దాదాపు ఒకటే. దసరా నుంచి సంక్రాంతి దాకా పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు పిల్లలు తరగతిలో పలచబడతారు. ఒకసారి ఒక విద్యార్థి తండ్రి, నేను కళాశాల మనిషిననుకుని, ఫోన్ చేశారు: “మేడమ్, కూలోళ్ళు దొరుకుతలేరు. వాన పడితే పత్తి మొత్తం నల్లబడ్తది. పిలగాన్ని నాలుగు దినాలు పంపరాదుండ్రి.” పంపడానికీ ఆపడానికీ నాకు అధికారం లేదని చెప్పాను. ఆ అబ్బాయితో కూర్చుని హాజరు లెక్క వేశాము. స్కాలర్‌షిప్పుకు 75 శాతం హాజరు కావాలని అందరికీ తెలుసు, అది ఎన్ని రోజులో చాలామంది ఎప్పుడూ లెక్క వేసుకోరు. 90 పని దినాల సెమిస్టరులో 68 రోజులు రావాలి. పోగొట్టుకోగలిగినవి 22 రోజులే. అతడు అప్పటికే 15 రోజులు వాడేసుకున్నాడు. ప్రాక్టికల్స్ ఉన్న రోజులు వదిలి, గురువారం సాయంత్రం వెళ్ళి ఆదివారం రాత్రికి తిరిగి రావాలని, పోయిన తరగతుల నోట్సు ఒక స్నేహితుడు ఉంచాలని నిర్ణయించుకున్నాడు. తండ్రికి ఫోన్ చేసి తానే చెప్పాడు.

బాగా చదవాలంటే రోజుకు ఇన్ని గంటలు కూర్చోవాలి అని చెప్పే వలంటీరు ఈ అబ్బాయికి ఏ విధంగానూ పనికిరాడు. పెళ్ళిళ్ళ కాలంలో ఫంక్షన్ హాళ్ళలో క్యాటరింగ్‌కు వెళ్ళి అర్ధరాత్రి తిరిగి వచ్చేవారికీ అంతే. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ ఖర్చు తప్పింది, నర్సంపేట నుంచి వచ్చే అమ్మాయికి బస్సులో గడిచే కాలం మాత్రం తప్పలేదు. నిలబడి ప్రయాణిస్తూ పుస్తకం చదవలేదు; నిన్నటి పాఠంలోని ఐదు విషయాలు పుస్తకం లేకుండా మనసులో చెప్పుకోగలదు. ఒక అమ్మాయి ఇది తానే కనిపెట్టి నాకు చెప్పింది.

ఇక్కడ నాకు నిజంగానే ఒక సందేహం ఉంది. పత్తి ధర, కూలీల కొరత, బస్సు వేళలు, మాధ్యమం మారడం ఇవన్నీ సమాజం పెట్టిన ఇబ్బందులు. వాటిని కాగితం మీద గళ్ళు గీసి విద్యార్థి చేత సర్దించడమంటే, ఆ భారమంతా నీదేనని మర్యాదగా చెప్పడం అవుతుందా? ఈ ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర లేదు. రెండు నియమాలు మాత్రం పాటిస్తాను. ‘ఎందుకు చదవలేదు’ అని అడగను. ‘ఈ వారం ఎట్లా గడిచింది’ అని అడుగుతాను. ఒకే ఇబ్బంది పలువురి నోట వస్తే, పేర్లు లేకుండా దాన్ని రాసి ప్రిన్సిపాల్‌కు ఇస్తాను. చివరి పీరియడ్‌లో పెట్టిన ప్రాక్టికల్ ఒకటి ఊళ్ళకు వెళ్ళే బస్సు వేళకు అడ్డం వస్తోందని అట్లా రాసిన తరువాత, ఆ ప్రాక్టికల్ మధ్యాహ్నానికి మారింది.

లెక్చరర్ల ఖాళీలూ ఉచిత సేవా

ఇంకొక అభ్యంతరం మరింత బరువైనది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు ఎన్నో ఏళ్ళుగా కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్ల మీద ఆధారపడి నడుస్తున్నాయి. పెన్షన్ వచ్చేవాళ్ళం మేము ఉచితంగా వచ్చి పాఠాలు చెబితే, పీహెచ్‌డీ చేసి గంటల లెక్కన జీతం తీసుకునే యువకుల నోటి దగ్గర కూడు లాగినట్టే. నియామకాలు చేయవలసినవారికి ఒక సాకు కూడా దొరుకుతుంది. ఈ మాట ఒక గెస్ట్ లెక్చరర్ నాతో నేరుగానే అన్నారు, అనడం న్యాయమే. వలంటీరు పాఠం చెప్పకూడదని నేను పట్టుబట్టడానికి ఇది రెండో కారణం. పాఠం చెప్పని మనిషిని ఎవరూ ఖాళీ పోస్టులో కూర్చోబెట్టలేరు. ప్రశ్నను చీటీ మీద రాయించి స్టాఫ్ రూముకు పంపే వలంటీరు వల్ల, అక్కడ జవాబు చెప్పే మనిషి ఉండాలన్న అవసరం ఎక్కువగా కనబడుతుందే తప్ప తగ్గదు.

మరి నిజంగానే పునాది లేనివారి సంగతి ఏమిటి? భిన్నాల దగ్గరే ఆగిపోయిన విద్యార్థికి ఎట్లా చదవాలో చెబితే సరిపోదు. అతడికి నేర్పేవారు కావాలి. నేను చూసినంతలో ఆ పనికి అన్నిటికంటే తగినవారు గత ఏడాదే ఆ పేపర్ పాసైన సీనియర్లు, పక్క బెంచీ స్నేహితులు. 1970లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధక విద్యార్థి, కాల్క్యులస్ అనే గణిత పేపర్‌లో వెనుకబడుతున్న 20 మంది నల్లజాతి విద్యార్థులనూ, బాగా రాణిస్తున్న 20 మంది చైనా సంతతి విద్యార్థులనూ వాళ్ళు చదువుకునే చోటికే వెళ్ళి నెలల తరబడి గమనించాడు. పట్టుదల లేదని, ఇంట్లో ప్రోత్సాహం లేదని అక్కడి అధ్యాపకులు చెప్పిన కారణాలేవీ నిలవలేదు. మొదటివారు అధ్యాపకులు చెప్పినన్ని గంటలూ ఒంటరిగా చదివారు. రెండోవారు ఒంటరిగా చదివాక కలిసి కూర్చుని ఒకరి లెక్క ఒకరు దిద్దుకున్నారు. ఇది చదివిన తరువాత, మా టేబుల్ దగ్గరికి ఒకే పేపర్‌తో ఇబ్బంది పడుతున్నవారు ఇద్దరు వస్తే వాళ్ళను ఒకరికొకరు పరిచయం చేసి నేను పక్కకు జరుగుతున్నాను. కొందరికి మా వల్ల ఏ ఉపయోగమూ ఉండదు. రాత్రి తిండి లేనివారికి కావలసింది తిండి. మాటల్లో నిరాశ మరీ లోతుగా వినిపిస్తే చదువు గురించిన సంభాషణ అక్కడితో ఆపి, ఆ కళాశాలలో నమ్మదగిన అధ్యాపకురాలికి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు నా ఎదుటే ఫోన్ చేయిస్తాను. దానిని నేనే సరిదిద్దగలనని అనుకోవడం ప్రమాదకరం.

కావలసినవి

1904లో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయాన్ని నిలబెట్టుకున్న ఊరు ఇది. పుస్తకం చుట్టూ జీతం లేకుండా పనిచేయడం హనుమకొండకు కొత్త కాదు. ఈ రోజు నగరంలోని రీడింగ్ హాళ్ళు గ్రూప్స్‌కూ పోలీసు ఉద్యోగాలకూ చదివేవారితో నిండి ఉంటాయి. డిగ్రీ విద్యార్థి అక్కడ అరుదుగా కనిపిస్తాడు. అతడు ఉండేది కళాశాలలో కనుక పని అక్కడే జరగాలి. ఆ సంఘం వారు ఫారం మార్చగలిగితే, ఈ సెమిస్టరు చివరి వారం దాకా రాగలరా, విన్నది బయట చెప్పకుండా ఉండగలరా, జవాబు తెలిసినా చెప్పకుండా ఆగగలరా అని అడగమని నా విన్నపం. ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరైనవారి కంటే ఆర్టీసీ డిపోలో క్లర్కుగా పనిచేసినవారు దీనికి బాగా సరిపోవచ్చు.

కళాశాలల నుంచి కావలసినవి మూడు. అకడమిక్ క్యాలెండర్, పరీక్ష ఫీజు తేదీలు మొదటి వారంలోనే మాకు అందాలి. వలంటీర్లు ఎవరితో మాట్లాడాలో ఒక అధ్యాపకురాలి పేరు ఖరారు కావాలి. అమ్మాయిలూ అబ్బాయిలూ, వారి ఇళ్ళవారూ నిశ్చింతగా ఉండేటట్టు, అందరికీ కనిపించే చోట, అంటే గ్రంథాలయంలోనే, శనివారం సాయంత్రం ఐదు దాకా రెండు టేబుళ్ళు ఉండాలి. మొదటి రెండింటికీ అన్నిచోట్లా ఒప్పుకున్నారు. మూడోది మాత్రం, శనివారం మధ్యాహ్నం అటెండర్ వెళ్ళిపోతే గది తాళం ఎవరు వేయాలన్న దగ్గర రెండు కళాశాలల్లో ఆగి ఉంది. అది తేలితే, కొత్తగా ముందుకు వచ్చిన ముగ్గురిని ఈ సెమిస్టరు మొదలయ్యేలోగా నా పక్కన కూర్చోబెట్టుకుని పని చూపడానికి సిద్ధంగా ఉన్నాను.